కొలతయు తూనికయు: మానపరివర్తన గణితమునకు పూర్వచరిత్ర

రసాయనశాస్త్రమును క్రొత్తగా అభ్యసింప నారంభించిన విద్యార్థికి మొట్టమొదట ఎదురగునవి ఆమ్లములును క్షారములును గావు. కిలోగ్రాములను గ్రాములుగను, లీటర్లను ఘనసెంటీమీటర్లుగను మార్చు లెక్కలు మొదట వచ్చును. ద్రవ్యరాశిని ఘనపరిమాణముచే భాగించి సాంద్రతను సాధించు లెక్కలు ఆ పిమ్మట వచ్చును. పెక్కుమంది విద్యార్థులు వీనిని శాస్త్రమునకు వెలుపలి చాకిరిగా నెంచి, సూత్రమును కంఠస్థము చేసి గడచిపోవుచుందురు. తెలుగు వాఙ్మయమును గూర్చి విచారించు పత్రికలో ఈ ప్రసంగమేల యని పాఠకులు సందేహింపవచ్చును. ఈ లెక్కలు నిన్న మొన్న పాశ్చాత్య పాఠ్యగ్రంథములనుండి దిగినవి కావనియు, మన భాషలోని మానపదములందును, మన గణితగ్రంథములందును వీనికి సుదీర్ఘమైన చరిత్ర కలదనియు నిరూపించుటయే ఈ వ్యాసమున కుద్దేశము. మెట్రిక్ పద్ధతి మనకు క్రొత్తగా నొసగినది లెక్కచేయు తీరు కాదు; అందరికిని ఒక్కటియైన ప్రమాణమును, కొలతకును తూనికకును నీటిచే ఏర్పడిన సంబంధమును.

కొలుచుట, తూచుట

తెలుగున కొలుచుట వేరు, తూచుట వేరు. ధాన్యమును, పాలను కొలుతుము. బెల్లమును, చింతపండును, బంగారమును తూతుము. నేతిని కొన్ని తావుల కొలిచిరి, కొన్ని తావుల తూచిరి. మొదటిది పాత్రలో పట్టు చోటునకు సంబంధించినది. రెండవది త్రాసు చూపు బరువునకు సంబంధించినది. రసాయనశాస్త్రమున ఘనపరిమాణమనియు ద్రవ్యరాశియనియు చెప్పబడు భేదము ఈ రెండు క్రియాపదములందే ఇమిడియున్నది. బరువునకును ద్రవ్యరాశికిని గల సూక్ష్మభేదమును త్రాసు పట్టించుకొనదు గనుక నిచ్చట విడుచుచున్నాను.

కొలతలందు ప్రసిద్ధమైన వరుస యిది: నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచము, నాలుగు కుంచములు ఒక తూము, ఇరువది తూములు ఒక పుట్టి. దీనినిబట్టి మానికకు 16 గిద్దెలు, కుంచమునకు 64, తూమునకు 256, పుట్టికి 5,120 గిద్దెలగును. తెలుగు భిన్నసంజ్ఞలను దీని ప్రక్కన నిలిపి చూచిన నొక విశేషము కానవచ్చును. పాతిక నాలుగవ వంతు, వీసము పదునారవ వంతు, కాని అరువదినాలుగవ వంతు. అనగా మానికలో వీసము గిద్దె. కుంచములో కాని గిద్దె. సంఖ్యాపదములును, కొలపాత్రలును నాలుగింటి గుణకములపై సమముగా నడచినవి. నేటి విద్యార్థికి పదింటి గుణకములు ఎంత సుకరములో, నాటి వర్తకునకు నాలుగింటి గుణకము లంత సుకరములు. ధాన్యపురాశిని రెండుగను, మరల రెండుగను చీల్చుట చేతికి సులువు. పదిగా చీల్చుట కాదు.

తూనికల వరుస వేరు. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలలో వాడుకలోనుండిన లెక్క ప్రకారము మూడు తులములు ఒక పలము, నలువది పలములు ఒక వీసె, ఎనిమిది వీసెలు ఒక మణుగు. అయిదు పలములకు ఏబలమనియు, పది పలములకు పదలమనియు పేరులు కలవు. 180 గ్రెయిన్ల తులము 11.6638 గ్రాములు గనుక, 120 తులముల వీసె సుమారు 1,400 గ్రాములు. మణుగు సుమారు 11 కిలోగ్రాముల 200 గ్రాములు. కాని నలువది సేర్ల మణుగు 37 కిలోగ్రాముల 324 గ్రాములు! మణుగు అను పదమొక్కటియే. ఏ మణుగో తెలియక లెక్కవేసినవాడు మూడింతలకు పైగా తప్పిపోవును. పుట్టియను పదము మరింత విచిత్రమైనది. అది ధాన్యపు కొలతయు నగును. అంత విత్తనము చల్లదగిన భూమికి విస్తీర్ణమును నగును. ప్రాచీన శాసనములను చదువువారు ఈ పదములకు స్థలమును, కాలమును, వస్తువును విచారింపక అర్థము చెప్పజాలరు. మానముయొక్క నామము చెప్పక సంఖ్యమాత్రము వ్రాసిన రసాయన విద్యార్థి చేయు తప్పును, మణుగును వివరింపక విడిచిన చరిత్రకారుడు చేయు తప్పును ఒక్క జాతివే.

ద్రోణము నాలుగు విధములు

కొలతను తూనికచే నిర్ణయించుట మనకు కౌటిలీయార్థశాస్త్రమున స్పష్టముగ గానవచ్చును. తులామానములను గూర్చిన అధ్యాయమున, రెండు వందల పలముల మినుములు పట్టు పాత్ర ద్రోణమని చెప్పబడినది. అనగా పాత్ర పరిమాణమును నిర్ణయించుటకు ఒక వస్తువును, దాని బరువును గైకొనిరి. సాంద్రత యను పేరు లేకున్నను దాని ప్రయోజన మిచ్చట సిద్ధించియున్నది. మినుములకు బదులు వడ్లు పోసిన అదే పాత్రలో అంత బరువు పట్టదు; కావుననే వస్తువు పేరు చెప్పవలసివచ్చినది. గింజల నడుమ గాలి యుండుటచే ఇట్టి లెక్క గింజయొక్క నిజమైన సాంద్రతను గాక, రాశియొక్క సాంద్రతనే తెల్పును. లీటరు పాత్ర నిండ బియ్యము పోసిన సుమారు 800 గ్రాములు తూగును. కాని బియ్యపుగింజ నీట మునుగును. నీటికంటె బరువైన గింజలు నీటికంటె తేలికయైన రాశిగా నేర్పడుటకు నడిమి గాలియే కారణము.

అదే అధ్యాయమున మరియొక ముఖ్యవిషయము కలదు. రాజున కాయము గైకొను ద్రోణము 200 పలములు. వ్యవహారమునకు 187½ పలములు. భృత్యాదులకు పంచియిచ్చుటకు 175 పలములు. అంతఃపురమున పంచుటకు 162½ పలములు. మెట్టుమెట్టునకు 12½ పలములు, అనగా మొదటిదానిలో సరిగా పదునారవ వంతు, తగ్గుచు వచ్చినది. గైకొనునపుడు పెద్ద పాత్ర, ఇచ్చునపుడు చిన్న పాత్ర! పేరుమాత్రము నాలుగింటికిని ద్రోణమే. శాస్త్రకారుడు దీనిని దాపరికము లేక విధించినాడు గనుక మోసమనజాలము. కాని వ్రాతయు గణితమును ఎరుగని కర్షకుడు తాను కొలిచి యిచ్చిన ద్రోణమునకును, తనకు కొలిచి యిచ్చిన ద్రోణమునకును గల అంతరము నెట్లు తెలిసికొనగలడు? మానపరివర్తన గణితము పుస్తకములలోని వినోదము కాదనియు, అది తెలియనివాడు నష్టపోవుననియు ఈ నాలుగు ద్రోణములు చెప్పుచున్నవి. తూనికరాళ్లు ఇనుముతోనో, మగధ మేకల దేశములందలి రాతితోనో, లేక తడిచే పెరుగక వేడిచే మారని పదార్థముతోనో చేయవలెనని కౌటిల్యుడు నియమించుటయు గమనింపదగినది. ప్రమాణము స్థిరముగా నుండవలెనను చింత యతనికి కలదు.

త్రైరాశికము

రాష్ట్రకూట రాజైన అమోఘవర్ష నృపతుంగుని కాలమున, క్రీ. శ. 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. పండితులు సాధారణముగా 11వ శతాబ్దికి చేర్చు ఈ గ్రంథము తెలుగున లభించుచున్న శాస్త్రగ్రంథములలో మిక్కిలి ప్రాచీనమైనవానిలో నొకటి. మహావీరుడు తన మొదటి ప్రకరణముననే క్షేత్రము, కాలము, ధాన్యము, బంగారము, వెండి, ఇతర లోహములు అను వీనికి వేరువేరుగా మానపరిభాష నేర్పరచెను. లెక్క ప్రారంభించుటకు ముందు మానములను నిర్ణయించుట ఆనాటి సంప్రదాయము. రసాయన పాఠ్యగ్రంథమున మొదటి అధ్యాయము మానములతో ప్రారంభమగుటకు ఇది సోదరప్రాయమైన క్రమము.

క్రీ. శ. 1150లో వెలసిన భాస్కరాచార్యుని లీలావతిలో ఈ విషయము మరింత విశదమగును. త్రైరాశికమున మూడు రాశులు: ప్రమాణము, ఫలము, ఇచ్ఛ. ప్రమాణమును ఇచ్ఛయు సమానజాతికి చెందవలెననియు, నడుమనుండు ఫలము అన్యజాతిదనియు భాస్కరుని నియమము. ఫలమును ఇచ్ఛచే గుణించి ప్రమాణముచే భాగించిన ఇచ్ఛాఫలము వచ్చును. నేడు ఉపాధ్యాయులు "మానములను వ్రాసి, పైదానిని క్రిందిదానితో కొట్టివేయుము" అని బోధించునది ఈ సజాతీయనియమమే. ఉదాహరణమునకు: ఒక ఘనసెంటీమీటరు పాదరసము 13.6 గ్రాములు, 25 ఘనసెంటీమీటర్ల పాదరస మెంత? ప్రమాణము ఒక ఘనసెంటీమీటరు, ఇచ్ఛ 25 ఘనసెంటీమీటర్లు, రెండును ఒక్క జాతి, ఫలము గ్రాములు. కావున 340 గ్రాములు. ప్రశ్నలో 25 ఘనసెంటీమీటర్లకు బదులు 0.025 లీటర్లని యున్నచో, ముందుగా దానిని ప్రమాణజాతికి తేవలెను. అట్లు తెచ్చుటయే మానపరివర్తనము. సాంద్రతయన ఏకఘనప్రమాణమునకు వచ్చు ఫలము తప్ప వేరు కాదు.

వ్యస్తత్రైరాశికమున భాస్కరు డొక ధాన్యరాశి నుదాహరించెను. ఏడు ఆఢకముల పాత్రతో కొలిచిన నూరు వచ్చిన రాశిని, అయిదు ఆఢకముల పాత్రతో కొలిచిన ఎంత వచ్చును? సమాధానము 140. పాత్ర చిన్నదైనకొలది సంఖ్య పెరుగును; రాశి మాత్రము మారదు. విద్యార్థి కిలోగ్రాములను గ్రాములుగా మార్చునపుడు గుణింపవలెనా భాగింపవలెనా యని తడబడుట నేటికిని సర్వసామాన్యము. మానము చిన్నదైన సంఖ్య పెద్దది కావలెనను ఈ యొక్క మాట మనసున నిలిచినచో ఆ తడబాటు తొలగును.

లీలావతి పరిభాషలో మరియొక సంగతి కలదు. పొడవు, వెడల్పు, లోతు ఒక్కొక్క హస్తముగల పాత్ర ఘనహస్తమనియు, ధాన్యమునకు అదియే మాగధఖారిక యనియు చెప్పబడినది. దైర్ఘ్యమానమునుండి ఘనమానమును పుట్టించు పద్ధతి ఇచ్చట స్పష్టము. ఒక్కటి మాత్రము కొరవడినది: బరువును గూడ ఆ హస్తమునుండియే పుట్టించుట. గురిగింజతో మొదలై మాషము, కర్షము, పలము అని పెరుగు తూనికల వంశము వేరు. హస్తముతో మొదలగు కొలతల వంశము వేరు. రెంటికిని సంబంధము కుదిరినది ఆరు శతాబ్దులకు పిమ్మట, వేరొక దేశమున.

వన్నెయు సాంద్రతయు

సువర్ణగణితమును ప్రత్యేకముగ పేర్కొనవలెను. మేలిబంగారము పదునారు వన్నెలది. 13, 12, 11, 10 వన్నెల బంగారములు వరుసగా 10, 4, 2, 4 మాషములు కలిపి కరగినచో నెన్ని వన్నెలగునని భాస్కరుని ప్రశ్న. బరువులను వన్నెలచే గుణించి కూడిన 240. బరువుల మొత్తము 20. కావున 12 వన్నెలు. ఇది భారమునుబట్టి తీసిన సగటు.

ఒరగల్లుపై గీసి వన్నెను కనుగొనుట మన సంప్రదాయము. నీటిలో ముంచి పరీక్షించుట ఆర్కిమిడీసు పేరుతో ప్రసిద్ధమైన ఉపాయము. మన దేశమున అక్బరు కాలమున అబుల్ ఫజలు రచించిన ఐనె అక్బరీలో, సమాన ఘనపరిమాణముగల లోహములు, రత్నములు ఎంతెంత తూగునో తెలుపు పట్టిక చేరినది. దానికి మూలము అల్బిరూనీ పరిశోధనలు. వన్నె లెక్కను, నీటి పరీక్షను కలిపి చేసినచో నేటి విద్యార్థికి చక్కని అభ్యాసమగును. అందొక అపాయమును కలదు.

రెండు తులముల ఆభరణము, అనగా 23.33 గ్రాములు, నీట ముంచగా 1.40 ఘనసెంటీమీటర్ల నీటిని తొలగించినదనుకొందము. దాని సాంద్రత 16.66. మేలిబంగారము సాంద్రత 19.3, రాగిది 8.96. కలిసినది రాగి యొక్కటియేయనియు, కలయికలో ఘనపరిమాణములు మారవనియు భావించి లెక్కించిన, బంగారము 1.043 ఘనసెంటీమీటర్లు, అనగా 20.13 గ్రాములు, రాగి 3.20 గ్రాములు. బంగారము నూటికి 86.3 పాళ్లు, వన్నె సుమారు 13.8. ఈ ఫలమును సరిచూడదలచి భాస్కరుని వన్నెలవలె సాంద్రతలకు భారమునుబట్టి సగటు తీసిన 17.9 వచ్చును, అది తప్పు. వన్నెకు సగటు భారమునుబట్టి తీయవలెను. సాంద్రతకు సగటు ఘనపరిమాణమునుబట్టి తీయవలెను. ఏలయన వన్నె భారములో భాగము. సాంద్రత చోటులో ఇమిడిన భారము. సూత్రమును కంఠస్థము చేసినవా డిచ్చట తొట్రుపడును. నిర్వచనము నెరిగినవాడు తొట్రుపడడు.

సాంద్రత యను మన పారిభాషికపదముకూడ కొంత భ్రమకు తావిచ్చుచున్నది. సాంద్రమన దట్టమైనది, చిక్కనైనది యని వాడుక. నూనె నీటికంటె చిక్కన. ఐనను సాంద్రత 0.92 మాత్రమే గనుక నీటిపై తేలును. పాల సాంద్రత సుమారు 1.03, మీగడ తీసిన అది తగ్గక పెరుగును. కావుననే మీగడ తీసి, పెరిగిన సాంద్రతను నీటితో సరిదిద్ది, పాలమానమునకు దొరకని మోసము చేయ వీలగుచున్నది. చిక్కదనము జారుటకు సంబంధించినది. సాంద్రత తూగుటకు సంబంధించినది. ఈ రెంటిని విడదీసి చెప్పుట తెలుగున రసాయనశాస్త్రము బోధించువారి ప్రథమకర్తవ్యము.

నీరు ప్రమాణమైన విధము

1789లో ఫ్రాన్సు దేశపు గ్రామీణులు తమ కష్టములను వ్రాసి పంపిన విజ్ఞప్తులలో, ప్రభువులు పన్ను ధాన్యము కొలుచుకొను పాత్రలను పెంచుచున్నారను మొర పలుమారు వినవచ్చినది. కౌటిలీయమునందలి నాలుగు ద్రోణముల సమస్యయే అది. 1795 ఏప్రిలు 7వ తేదీ శాసనముచే ఆ దేశమున మీటరు, లీటరు, గ్రాము అను మానములు నిర్ణయింపబడెను. మీటరులో నూరవ వంతు భుజముగాగల ఘనమున పట్టు, కరగు మంచు ఉష్ణోగ్రతయందలి శుద్ధజలము బరువు గ్రాము. పిమ్మట నీరు మిక్కిలి దట్టమగు 4 డిగ్రీల ఉష్ణోగ్రతను గైకొని 1799లో ప్లాటినము కిలోగ్రామును నిర్మించిరి. దైర్ఘ్యమునుండి ఘనపరిమాణము, ఘనపరిమాణమునుండి నీటిద్వారా బరువు: మూడు వంశములును ఒక్కటైనవి. నీటి సాంద్రత ఒకటి యగుట ప్రకృతి విచిత్రము గాదు. అట్లు వచ్చునట్లు గ్రామును ఎన్నుకొనిరి.

ఐనను ఆ నిర్మాణమున స్వల్పమైన లోపము మిగిలెను. 1901లో అంతర్జాతీయ మహాసభ, కిలోగ్రాము శుద్ధజలము ఆక్రమించు చోటును లీటరుగా నిర్వచించెను. కాని అది ఘనడెసిమీటరుకంటె లక్షకు సుమారు 2.8 వంతులు హెచ్చని తేలినది. కావున ఆనాటి పాఠ్యగ్రంథములలో మిల్లీలీటరును, ఘనసెంటీమీటరును వేరుగా చెప్పవలసివచ్చెను. 1964లో మహాసభ ఆ నిర్వచనమును రద్దుచేసి, లీటరనగా ఘనడెసిమీటరే యని స్థిరపరచెను. 2019 మే 20వ తేదీనుండి కిలోగ్రాము నిర్వచనము ప్లాంకు స్థిరాంకముపై ఆధారపడినది. నేడు నీరు ప్రమాణపదవినుండి తొలగినది. ఒకటియను అంకె మాత్రము చరిత్రకు గుర్తుగా మిగిలినది. అదియు ఉష్ణోగ్రతనుబట్టి మారును. 30 డిగ్రీలవద్ద నూరు మిల్లీలీటర్ల నీరు 99.57 గ్రాములే తూగును.

మన దేశమున ఈ మార్పు ఆలస్యముగ వచ్చెను. 1871 చట్టము కిలోగ్రామునకు సమానమైన సేరును ప్రమాణముగ విధించెనుగాని అది ఆచరణలోనికి రాలేదు. 1956 డిసెంబరులో తూనికలు కొలతల ప్రమాణముల చట్టమును పార్లమెంటు ఆమోదించెను. 1957 ఏప్రిలులో దశాంశనాణెములు వచ్చెను. 1958 అక్టోబరు 1వ తేదీనుండి తూనికల చట్టము క్రమక్రమముగా అమలయ్యెను. 1962 ఏప్రిలు నాటికి ఇతర పద్ధతులు నిషేధింపబడెను. సేరు 933.10 గ్రాములు, తులము 11.6638 గ్రాములు అని చట్టమే నిర్ణయించుటచే, ఆ సంవత్సరములలో ప్రతి అంగడియు మానపరివర్తన పాఠశాల యయ్యెననవచ్చును.

మానము తప్పిన ఫలము

మానములు మారుకాలమున ఏమరుపాటు ఎట్టిదో 1983 జూలై 23వ తేదీన కెనడాలో తేటపడినది. ఆ దేశము అప్పుడు మెట్రిక్ పద్ధతికి మారుచుండెను. ఇంధనమాపకము పనిచేయని ఒక క్రొత్త విమానమున, ట్యాంకులలోని 7,682 లీటర్ల ఇంధనమును కొలిచి, దానిని తూనికలోనికి మార్చిరి. ప్రయాణమునకు కావలసినది 22,300 కిలోగ్రాములు. లీటరునకు 0.803 కిలోగ్రాములని గుణింపవలసియుండగా, పౌనులకు చెందిన 1.77తో గుణించిరి. ఉన్నది 6,169 కిలోగ్రాములు కాగా, 13,597 ఉన్నదని తలచిరి. 20,088 లీటర్లు నింపవలసినచోట 4,917 లీటర్లే నింపిరి. ఇంధనము నడిమింట నిండుకొని, ఇంజనులు రెండును ఆగిపోగా, చోదకులు 69 మందితో నున్న విమానమును గిమ్లీ యను ఊరిలోని పాత విమానస్థలమున నేర్పుతో దింపిరి. ఎవ్వరి ప్రాణమునకును హాని కలుగలేదు.

ఆ గుణకారము సరియైనదే, భాగహారమును సరియైనదే. సజాతీయనియమమొక్కటి తప్పినది. 1.77 అను అంకె ప్రక్కన పౌను అని వ్రాసియున్నచో, దానిని కిలోగ్రాములతో కలుపరాదని చిన్న విద్యార్థియు చెప్పగలడు. ఎనిమిది శతాబ్దులకు పూర్వము భాస్కరుడు త్రైరాశికమునకు పెట్టిన మొదటి షరతు అదియే.

ఉపసంహారము

గిద్దె, సోల, మానిక, వీసె, మణుగు అను పదములు నేడు వ్యవహారమునుండి చాలవరకు తొలగిపోయినవి. వానిని తిరిగి తేవలెనని ఎవ్వరును కోరరు. ఊరూర మారు మానములచే నష్టపోయినవాడు ఎల్లప్పుడును లెక్క తెలియని బీదవాడే. అందరికిని ఒక్క ప్రమాణ మేర్పడుట న్యాయమునకు కలిగిన లాభము. కాని ఆ పదములతోపాటు వానివెనుకనుండిన వివేకము పోరాదు. ఏ వస్తువు, ఏ పాత్ర, ఏ తూనిక అని అడుగక మన పూర్వులు సంఖ్యను నమ్మలేదు. మానములేని సంఖ్య పేరులేని సాక్షివంటిది. రసాయనశాస్త్ర విద్యార్థి తన మొదటి అభ్యాసములందు ఈ విషయమును గ్రహించినచో, ఆ లెక్కలు అతనికి చాకిరి కావు. మన శాసనములను, గణితగ్రంథములను చదువువారును అదే వివేకమును అలవరచుకొనినచో, నిఘంటువులలో "ఒక కొలత" అని మాత్రమే మిగిలిన అనేక పదములకు నిజమైన విలువ తెలియగలదు.